పేరు చెప్పని మనవి

మేడ్చల్ రైల్వే స్టేషన్ వెనక రేకుల కప్పు మందిరంలో శుక్రవారం ఉపవాస కూడికకు ఒక పద్ధతి ఉంది. ముందు పాటలు, తరువాత వాక్యం, ఆ తరువాత మనవులు. మనవులంటే ఎవరి కష్టం వాళ్లు చెప్పుకోవడమే కాదు, ఎదుటివాళ్ల కష్టం కూడా చెప్పవచ్చు. పరాయివాళ్ల సంగతి అయితే మాత్రం పేరు చెప్పకూడదు. "పేరెందుకమ్మా, దేవునికి తెలుసు" అనాలి. అలా దేవునికి మాత్రమే తెలిసిన సంగతి ఆమెన్ అనేలోగా ముందు వరుసకు, చెప్పులు వేసుకునేలోగా వెనక వరుసకు, పొద్దుగూకేసరికి బస్సు డిపో దాకా చేరేది. అలాగని అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఖాళీ కడుపులతో కూర్చుని పరాయి బిడ్డల కోసం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు చెడ్డవాళ్లెలా అవుతారు? నోటికి గడియ లేదు, అంతే.

సలోమి ఆ మందిరం చాపల మీదే పాకింది, నడక నేర్చింది. వాళ్లమ్మ ఎస్తేరమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. కూతురు డిగ్రీ అయ్యాక ఎం.ఏ. సైకాలజీలో చేరతానంటే సంఘంలో కొందరు నొసలు చిట్లించారు. "పిచ్చోళ్ల సదువా?" అని ఒకరు, "లోకజ్ఞానం ఎక్కువైతే విశ్వాసం పల్చవడ్తది" అని మరొకరు. ఎస్తేరమ్మ ఊరుకునే మనిషి కాదు. "కాలిరిగితే దవఖానకు పోతలేమా? మనసిరిగితే మా బిడ్డ కాడికి రండ్రి" అని అందరి నోళ్లూ మూయించింది. ఆ మాట విన్న రోజు సలోమికి తల్లి మీద కొండంత ప్రేమ పుట్టింది.

కాలేజీలో తృప్తి మేడం అని ఒక టీచరు ఉండేది. మెత్తగా మాట్లాడుతుంది కానీ ప్రశ్న మాత్రం సూటిగా గుచ్చుతుంది. రెండో సంవత్సరం మొదట్లో ఆమె క్లాసులో ఒక్కొక్కరినీ అడిగింది: "ప్రాణం పోయినా వదులుకోనని మీరనుకునే విలువ ఏది?" ఒకరు స్వేచ్ఛ అన్నారు, ఒకరు కుటుంబం అన్నారు. సలోమి తడుముకోకుండా "దాచకపోవడం" అంది.

ఆ మాట పుస్తకంలోంచి రాలేదు, ఇంట్లోంచి వచ్చింది. ఆమె నాయిన ఒకప్పుడు బాగా తాగేవాడు. తాగుతాడని వాడంతా ఎరిగినా, ఇంట్లో మాత్రం అందరూ ఏమీ లేనట్టే నటించేవాళ్లు. ఒక ఆదివారం ఆయన మందిరంలో లేచి నిలబడి, అందరి ముందూ ఒప్పుకుని ఏడ్చాడు. ఆ తరువాత మళ్లీ ముట్టలేదు. దాచినన్నాళ్లూ ఇల్లు నరకం, చెప్పాకే ఇల్లు ఇల్లయింది. అప్పుడు సలోమికి పదేళ్లుంటాయేమో. దాచింది కుళ్లుతుంది, చెప్పింది మానుతుంది అని ఆనాడు ఆమె మనసులో పడిన ముద్ర మళ్లీ చెరగలేదు.

చదువులో భాగంగా వారానికి రెండు రోజులు సలోమి శామీర్‌పేటలో ఒక బడికి వెళ్లి పిల్లలతో మాట్లాడేది. ఆ బడికి కాస్త దూరంలోనే జంగమ్మ ఇల్లు. జంగమ్మది చేపలు పట్టే కుటుంబం. చెరువు కట్ట దగ్గర రోడ్డు పక్కన కత్తిపీట వేసుకుని బొచ్చె, రవ్వ చేపలు కోసి అమ్ముతుంది. మొగుడు పోయాక ప్రభువును నమ్ముకుని ఈ మందిరంలో చేరింది. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పాస్టరయ్య కొత్త పేరు పెడతానంటే, "పాత పేరుతోనే పాపాలు జేసిన, గా పేరునే కడుగుండ్రి" అందట. కొడుకు మల్లేష్ మందుల కంపెనీలో పని చేస్తాడు. కోడలు దీపకు నాలుగు నెలల కింద మగబిడ్డ పుట్టాడు. ఆ సంఘంలో ఆ ఏడు పుట్టిన బిడ్డ వాడొక్కడే. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే సలోమి దాన్నే మరిచిపోయింది.

ఒక మంగళవారం బడి అయ్యాక సలోమి బిడ్డను చూద్దామని వాళ్లింటికి వెళ్లింది. జంగమ్మ కట్ట దగ్గరుంది. బిడ్డ లోపల ఊయలలో నిద్రపోతున్నాడు. దీప మాత్రం ఊయలకు దూరంగా, గోడకు ఆనుకుని కూర్చుంది. వాకిట్లో నీళ్ల సంపు రేకు మూత మీద పాత రుబ్బురోలు ఒకటి ఎక్కించి ఉంది. ఇద్దరు మగవాళ్లు పడితే గానీ కదలని రోలు.

"ఇదేంది వదినా, సంపు మీద రోలు వెట్టిండ్రు? నీళ్లెట్ల తోడ్తరు?" అంది సలోమి నవ్వుతూ.

దీప నవ్వలేదు. గొంతు తగ్గించి చెప్పింది.

"నేనే పెట్టించిన, మూత సరిగ్గ పడ్తలేదని చెప్పి. నిజం అది గాదు. పిల్లగాన్ని ఎత్తుకొని సంపు పక్కపొంటి పోతుంటే, అండ్ల పడేస్తనేమో అని ఒక ఆలోచన వస్తాంది సలోమీ. నాకు గట్ల చెయ్యాలని లేదు. వాడంటే నాకు పానం. గానీ ఆలోచన ఆగుతలేదు. నా చేతులంటే నాకే బుగులైతాంది. నేనేమన్న రాక్షసినా?"

సలోమి ఆమె చేయి పట్టుకుంది. అడగవలసినవి అడిగింది. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా, ఎవరైనా ఏదైనా చెయ్యమంటున్నట్టు ఉందా అని. అలాంటివేమీ లేవు. ఉన్నదల్లా భయమే. "నువ్వు రాక్షసివి గాదు వదినా. మా మేడాన్ని అడిగి మంచి డాక్టర్ కాడికి తీస్కపోత" అంది.

"ఎవ్వలకు జెప్పకు. మీ మల్లేష్ అన్నకు గూడ చెప్పలే నేను. నీకే చెప్పిన."

"చెప్ప వదినా."

ఆ మాట అన్నప్పుడు సలోమి నిజంగానే అంది. అబద్ధం ఆడే పిల్ల కాదు.

తృప్తి మేడం ఊళ్లో లేదు, సోమవారానికి గానీ రాదు. ఆ మూడు రాత్రులూ సలోమికి కంటి మీద కునుకు లేదు. తాను అంచనా వేసింది తప్పయితే? బిడ్డకేమైనా అయితే? అంత బరువు ఒక్కతే మోయడం ఆమె ఎన్నడూ నేర్వలేదు. వాళ్లింట్లో బరువంటే నలుగురి మధ్యలో దించుకునేది. శుక్రవారం కూడికలో మనవులు చెప్పుకునే వేళ వచ్చేసరికి ఆమె గుండె పొంగి వచ్చింది. కళ్లు మూసుకునే లేచి నిలబడింది.

"పేరు వద్దమ్మా, దేవునికి తెలుసు. ఒక చిన్న తల్లి ఉంది. బిడ్డను ఎత్తుకోవాలంటే భయపడ్తాంది, బిడ్డను ఏమన్న చేస్తనేమో అని. ఆమె కోసం గట్టిగ ప్రార్థన చెయ్యండ్రి."

"ప్రభువా, ప్రభువా" అని గొంతులు లేచాయి. ఆ గొంతుల మధ్య ఎవరో "అయ్యో, మన జంగమ్మ కోడలే" అన్నారు, మెల్లగానే. సలోమి కళ్లు తెరిచింది. ఆ రోజు వెనక వరుసలో జంగమ్మ ఉంది. చేపల గంప పక్కన పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సలోమి వైపే చూస్తోంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. సలోమి నోరు జారింది ప్రార్థనలో. అక్కడ జారిన మాటను వెనక్కి తీసుకోవడానికి దారే లేదు.

మరునాడు పొద్దున్నే స్త్రీల సమాజం రెండు ఆటోల్లో శామీర్‌పేటకు బయలుదేరింది. ఎస్తేరమ్మ చేతిలో ప్రార్థన నూనె సీసా. దీప నెత్తిన చేతులు పెట్టి, నుదుట నూనె రాసి, వచ్చినామె వచ్చినట్టు ఏడ్చి, "దుష్టుడా, విడిచిపో" అని గద్దించి, చాయ్ తాగి వెళ్లారు. వాళ్లది ప్రేమే. ఆ ప్రేమ కింద దీప నలిగిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఆ తరువాత తగిలింది. జంగమ్మ ఊయలను తన గదిలోకి మార్చుకుంది. పాలు ఇచ్చేటప్పుడు తప్ప బిడ్డను దీప చేతికి ఇవ్వడం లేదు. ఇచ్చినా ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూస్తోంది. కట్ట మీద కత్తిపీట కూడా మానేసి ఇంటి వాకిట్లోనే చేపలు కోస్తోంది.

సోమవారం తృప్తి మేడం ముందు సలోమి అంతా చెప్పి తల వంచుకుంది. మేడం కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండుననిపించింది సలోమికి.

"పేరు చెప్పలేదన్నావు. మీ సంఘంలో పసిబిడ్డ తల్లులు ఎందరు?"

"ఒక్కరే మేడం."

"మరింకేం దాచావు?" అంది మేడం. "నాలుగు గోడల మధ్య నీకొకటి చెబితే అది నీ దగ్గర పెట్టుకోమని ఇచ్చినట్టు, పంచిపెట్టమని కాదు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే అది వేరు, అప్పుడు నేను ఊళ్లో లేనని చూడకుండా నాకు ఫోన్ చేయాలి. మందిరంలో కాదు. బాలింతల్లో ఇలాంటి ఆలోచనలు చాలామందికి వస్తాయి. ఆలోచన వచ్చిందని వణికిపోయే తల్లికి ఆ పని చేసే ఉద్దేశం మామూలుగా ఉండదు. అయినా తేల్చవలసింది డాక్టరే, నువ్వూ కాదు, నేనూ కాదు. నువ్వు చేయవలసింది ఆమెను డాక్టరు దగ్గరికి చేర్చడం. ఇప్పుడు బిడ్డను తీసేసుకున్నారు కాబట్టి ఆమెకు ఏమనిపిస్తుందో తెలుసా? తన భయమే నిజమని అత్తగారు కూడా ఒప్పుకున్నట్టు."

సలోమి కన్నీళ్లు తుడుచుకుంది. "మేడం, నేను ప్రార్థన చేయడం తప్పా?"

"నేను ఆ దేవుణ్ణి కొలవను. అందుకే ఆ జవాబు నా దగ్గర లేదు. నీ దగ్గరే ఉండాలి" అంది మేడం.

ఆ సాయంత్రమే సలోమి శామీర్‌పేట వెళ్లింది. దీప తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు.

"తప్పయింది వదినా" అంది సలోమి. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నీ మంచికే అని, ప్రార్థనకే అని. ఒక్కటీ నోట రాలేదు.

"నీకే చెప్పిన" అంది దీప. "ఊరికి చెప్పదల్చుకుంటె నేనే చెప్పుకోకపోదునా? నాకు నోరు లేదా?" అని తలుపు వేసేసింది. లోపల ఏడుపు వినిపించింది. బిడ్డది కాదు.

సలోమి కాళ్లు ఈడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చింది. జంగమ్మ పీట మీద కూర్చుని బొచ్చె చేపకు పొలుసు గీకుతోంది. ఊయల ఆమె చేతికి అందేంత దూరంలో ఉంది. సలోమి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, దీప వదినను నువ్వు జూస్తున్న చూపు మంచిగ లేదు. ఆమె పిల్లగాన్ని ఏం జెయ్యది. గిసొంటి ఆలోచనలు శానమంది తల్లులకు వస్తయంట. బిడ్డ మీద పానం వెట్టుకున్నోళ్లకే ఎక్కువ బుగులంట. డాక్టర్లకు తెలుసు, దీనికి మందు గూడ ఉంటదంట."

పొలుసు గీకే చేయి ఆగింది. "శానమందికి వస్తయా?"

"వస్తయి పెద్దమ్మా."

"నిజంగ? సదువుకున్న పుస్తకాలల్ల ఉన్నదా గిది?"

"ఉన్నది."

జంగమ్మ కత్తి కింద పెట్టింది. చెరువు వైపు చూసింది. ఇంటికీ చెరువుకూ మధ్య ఇప్పుడు ప్లాట్లు, ప్రహరీ గోడలు. నీళ్లు కనిపించవు. అయినా ఆమె అటే చూస్తూ మాట్లాడింది.

"మా మల్లేష్ పుట్టినప్పుడు నాకూ గిట్లనే ఉండె. గప్పుడు బావి నీళ్లే. పిలగాన్ని చంకలేసుకొని బావి కాడికి పోతె, ఏసేస్తనా ఏంది అని కాళ్లల్ల వణుకు పుట్టేది. ఏడాది దాంక బావి దిక్కు పోలే. కోడలు ముండ బద్ధకమని మా అత్త ఊరంత తిట్టె. పడ్డ. ఏం జెప్పుకుంట? నా పెనిమిటికి తెల్వది, మల్లేష్‌కు తెల్వది. మందిరంల చేరినప్పుడు అన్ని పాపాలు ఒప్పుకున్న గానీ గదొక్కటి ఒప్పుకోలే బిడ్డా. సైతాను నాల ఉన్నడని అంటరని భయం. గిప్పుడు కోడలి సంగతి ఇన్నంక, గా సైతానే నా ఇంట్లకు మళ్ల వచ్చిండనుకున్న. అందుకే పిలగాన్ని నా కాడ వెట్టుకున్న."

ఆమె చేపల చేతులతో కళ్లు తుడుచుకోబోయి, ఆగి, భుజంతో తుడుచుకుంది. ముప్పై ఏళ్ల కింది భయం ఆ ముసలి మొహంలో పచ్చిగా కనిపించింది. సలోమికి ఏడుపొచ్చింది.

"నువ్వు పాపం జెయ్యలే పెద్దమ్మా. గది పాపం గానే గాదు. ఎవ్వలన్న గప్పుడే గీ మాట నీకు చెప్తే బాగుండు."

జంగమ్మ మళ్లీ కత్తి అందుకుంది. అంతలోనే ఉలిక్కిపడ్డట్టు సలోమి వైపు తిరిగింది. "నువ్వు మళ్ల మందిరంల లేచి నిలవడ్తవేమో! గీ మాట బయటవడ్డదంటే నేను చెరువుల దుంకుత."

"ఎవ్వలకు జెప్ప. దీప వదినకు గూడ చెప్ప" అంది సలోమి. "గానీ పెద్దమ్మా, నువ్వు చెప్తే మాత్రం ఆమెకు మస్తు ధైర్యమొస్తది. చెప్తవో, చెప్పవో, గది నీ ఇష్టం."

గేటు దాకా వచ్చి సలోమి ఆగింది. కిటికీ రెక్క తెరిచి ఉంది. లోపల దీప మంచం మీద ముడుచుకుని కనిపిస్తోంది. ఒక్క మాట. మీ అత్తకు కూడా ఇలాగే అయింది, ఆమె బిడ్డ ముప్పై ఏళ్ల మగవాడై ఎదురుగా తిరుగుతున్నాడు అని ఒక్క మాట చెబితే చాలు, దీప లేచి కూర్చుంటుంది. తన మొహం మళ్లీ చూస్తుంది. తప్పు దిద్దుకున్నట్టూ అవుతుంది. నాలుక చివరి దాకా వచ్చిన మాటను సలోమి మింగింది. చేదు మందు మింగినట్టే ఉంది. షేరింగ్ ఆటోలో మేడ్చల్ చేరేదాకా ఆ కిటికీ రెక్కనే తలుచుకుంటూ కూర్చుంది. తాను చేసింది మంచో, రాతిగుండె పనో ఆమెకు తెలియలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం వచ్చింది. మనవుల వేళ ఎస్తేరమ్మ తానే అడిగింది, "సలోమీ, దీప సంగతి ఏమాయె? చెప్పు, అందరం ప్రార్థన చేద్దాం."

"చెప్పేదేం లేదమ్మా."

అందరి తలలూ ఇటు తిరిగాయి. ఇంటికొచ్చాక ఎస్తేరమ్మ మొహం చిన్నబుచ్చుకుని, అన్నం వడ్డిస్తూ అంది, "నలుగుర్ల నన్ను చిన్నగ జేసినవ్. సదువు ఎక్కువైనంక ప్రార్థన మీద నమ్మకం పోయిందా? చెప్పకపోతే దేని కోసమని చేస్తం?"

సలోమి తల్లి పక్కన కూర్చుంది. "ప్రార్థన మీద నమ్మకం ఉండవట్కే చెప్పలే అమ్మా. దేవునికి తెలుసు, దేవునికి తెలుసు అంటం గద. ఈ ఒక్కసారి నిజంగ ఆయనకే తెల్వనీ. తలుపు వేస్కొని అడుగుమని ఆయనే చెప్పిండు గద."

ఎస్తేరమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆ వాక్యం ఆమెకు కంఠస్థమే. ఎన్నో కూడికల్లో చెప్పింది కూడా. "నూనె సీసా పట్టుకొని పోయినప్పుడు ఆ పిల్ల మొహం జూసిన. తలకాయ ఎత్తలే. మేం జేసింది ఎక్కువైందేమో" అంది తనలో తాను అనుకుంటున్నట్టుగా. ఆ రాత్రి నుంచి తల్లీకూతుళ్లు ఇద్దరే గది తలుపు దగ్గరికి వేసి ప్రార్థించడం మొదలుపెట్టారు. ఎస్తేరమ్మ ఏమని అడగలేదు, సలోమి చెప్పలేదు. దాచడం, కాపాడటం చూడటానికి ఒకేలా ఉంటాయని, రెంటికీ ఎంత తేడా ఉందో తెలుసుకోవడానికి తనకు ఇన్నేళ్లు పట్టిందని సలోమి అనుకుంది. తృప్తి మేడం మళ్లీ ఆ ప్రశ్న అడిగితే జవాబు మార్చుకోవాలి.

మరో శుక్రవారం కూడా గడిచింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ మోగింది. దీప. "ఒకసారి రా" అని మాత్రం అని పెట్టేసింది.

సలోమి వెళ్లేసరికి సంపు మీద రుబ్బురోలు అలాగే ఉంది. జంగమ్మ వాకిట్లో లేదు, కత్తిపీట కూడా లేదు. మళ్లీ కట్ట మీదికి వెళ్లిందన్నమాట. లోపల మంచం మీద దీప, ఒళ్లో బిడ్డ. చేతులు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. అయినా పట్టుకుంది. ఇంట్లో ఆమె, బిడ్డ తప్ప ఎవరూ లేరు. కాపలా లేని ఆ ఇంటిని చూసి సలోమి గుండె నిండిపోయింది.

"మా అత్తమ్మ చెప్పింది" అంది దీప. "నిన్న రాత్రి నా పక్కన పండుకొని, దీపం ఆర్పినంక చెప్పింది. పొద్దుగాల పిల్లగాన్ని నా ఒళ్లె ఏసి కట్ట మీదికి పోయింది. మళ్ల తిరిగి గూడ సూడలే."

"మంచిగైంది వదినా."

"నీకు ముందుగాలనే చెప్పిందంట గద."

"ఆఁ."

దీప కళ్లు ఎర్రబడ్డాయి. "మరి నాకెందుకు చెప్పలే? గా ఒక్క మాట తెలిస్తే ఇన్నొద్దులు గంత ఏడుద్దునా? నీకు దయ లేదా?"

సలోమి తల దించుకోలేదు. "చెప్పాలని మస్తుండె. గేటు కాడ నిలవడి మర్లిన. గానీ గా మాట నాది గాదు వదినా."

"నేను సస్తున్నని తెలిసి గూడ చెప్పలే."

"చెప్పలే."

బిడ్డ ఆవులించాడు. వీధిలో పెరుగు బండి వాడి కేక వినిపించి దూరమయింది. దీప మొహంలో బిగువు మెల్లమెల్లగా సడలింది.

"రేపు డాక్టర్ కాడికి పోదాం. మీ అన్నను గూడ తీస్కపోదాం" అంది. "గానీ గంతకంటె ముందు నీకింకొక మాట చెప్పాలె. గిది మా అత్తమ్మకు గూడ చెప్పలే."

"జర పట్టు" అని బిడ్డను సలోమి చేతుల్లో పెట్టి లేచింది. వీధి వైపు కిటికీ రెక్క మూసింది. తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టి వచ్చి, సలోమి పక్కన కూర్చుంది.